వచ్చినవెన్ని, తిరిగిపోయినవెన్ని? – తెలుగు పక్షి పరిశీలకుల బృందాలకు బహిరంగ లేఖ

మిత్రులకు నమస్కారం.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ, తిరుపతి, వరంగల్... ఏ ఊళ్లో ఉన్నా ఆదివారం తెల్లారకముందే బైనాక్యులర్ మెడలో వేసుకుని చెరువు గట్టుకు చేరే మీ అందరికీ ఈ ఉత్తరం. మీలో కొందరికి నేను తెలుసు. గుంపులో అందరికంటే వెనక నడుస్తూ, దారిలో టీ కొట్టు కనిపిస్తే ఆగిపోయే పెద్దమనిషిని. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, సర్వీసులో సగం క్యాష్ కౌంటర్లోనే గడిచింది. మార్చి నెలంటే బ్యాంకువాడికి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఇయర్ ఎండింగ్. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ మార్చిలో నేను ఊరు పొలిమేర దాటలేదు. చలికాలం మన దేశంలో గడిపిన గద్దలు హిమాలయాల పక్కనుంచి తిరుగు ప్రయాణం కట్టేది సరిగ్గా ఆ నెలలోనే. అందుకే రిటైరయ్యాక వచ్చిన మొదటి మార్చిలో ధర్మశాల వెళ్లాను. తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్లాను. ఈ మాటలు అక్కడ కూర్చున్నప్పుడు పుట్టినవే.

మొదటిసారి ఒక బృందంతో కలిసి వెళ్లాను. పేరు చెప్పను, మంచివాళ్లే. తొమ్మిది రోజుల్లో ఎన్ని కొత్త జాతులు చూడాలో ముందే జాబితా రాసుకున్నారు. మూడో రోజు మధ్యాహ్నం ధర్మశాల పైన నడ్డి ఊరి దగ్గర వాహనం ఆగింది. దిగి పైకి చూస్తే ధౌలాధార్ కొండల వాలు మీద పెద్ద పెద్ద గద్దలు, ఒకదాని వెనక ఒకటి, రెక్క కదపకుండా జారిపోతున్నాయి. ఒకటి పోయేలోపు ఇంకోటి. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. మా పక్కన కుర్రాడు బైనాక్యులర్ ఒకసారి ఎత్తి దించేసి, “స్టెప్పీ ఈగిలే అంకుల్, నిన్ననే వచ్చేసింది లిస్టులో. పదండి, కింద ఓక్ చెట్లలో ఏదో ఉందట” అన్నాడు. అందరూ కిందికి వెళ్లారు. నేను పైనే ఉండిపోయాను. గంట తర్వాత వాళ్లు తిరిగొచ్చి, “ఎన్ని చూశారు?” అని నవ్వుతూ అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఏళ్ల తరబడి నోట్లు లెక్కపెట్టినవాణ్ణి, లెక్కపెట్టాలన్న ఆలోచనే రాలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. మనందరం అంతే. చూడనిదాన్ని చూడటానికి ఎంత దూరమైనా పోతాం, చూసినదాన్ని మళ్లీ చూడటానికి అరగంట ఆగం. ఈ ఉత్తరంలో మిమ్మల్ని అడిగేది ఒక్కటే. మార్చిలో హిమాలయాలకు ఎలాగూ వెళ్తున్నారు కదా, అందులో కొన్ని రోజులు ఒకచోట కూర్చుని గద్దల్ని లెక్కపెట్టండి. అదీ ఏటా, అదే చోట.

ఆ దారి గురించి కొంచెం చెబుతాను. కాంగ్రా లోయకు ఉత్తరాన ధౌలాధార్ కొండలు గోడ కట్టినట్టు లేస్తాయి. చిన్న కొండలు, మధ్య కొండలు, తర్వాత పెద్ద కొండలు అన్న వరస అక్కడ లేదు. పొలాల అంచునుంచి నేరుగా నాలుగు వేల మీటర్లు దాటిన మంచు శిఖరాలకు చూపు పోతుంది. ఆ గోడ దక్షిణానికి తిరిగి ఉండటంతో పొద్దున్న ఎండ పడగానే వాలు వేడెక్కి గాలి పైకి లేస్తుంది. గద్దలకు కావలసింది అదే. స్టెప్పీ ఈగిల్ రెక్కలు చాపితే ఆరడుగుల పైమాట. అంత బరువైన పక్షి రెక్కలు కొట్టుకుంటూ మధ్య ఆసియా దాకా పోవాలంటే ఒంట్లో కొవ్వంతా దారిలోనే కరిగిపోతుంది. అందుకే లేచే గాలిలో గుండ్రంగా తిరుగుతూ పైకెక్కి, అక్కణ్ణించి జారుడుబండ మీద జారినట్టు కిలోమీటర్ల దూరం జారి, ఇంకో గాలి సుడి పట్టుకుంటుంది. బీడ్ బిల్లింగ్ దగ్గర పారాగ్లైడర్లు చేసే పనీ ఇదే. గాలి ఎక్కడ లేస్తోందో తెలియాలంటే రాబందు ఎక్కడ తిరుగుతోందో చూస్తామని అక్కడి పైలట్ ఒకాయన చెప్పాడు.

ఈ దారి గురించి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. 2001 శరత్తులో, 2002 వసంతంలో యాన్ డెన్ బెస్టెన్ అనే పరిశీలకుడు ధర్మశాల దగ్గర ఓపిగ్గా కూర్చుని లెక్కపెట్టి, 2004లో అచ్చువేశాడు. రెండు కాలాల్లోనూ స్టెప్పీ ఈగిల్స్ వేలల్లో తేలాయి. నేపాల్‌లో పోఖరా దగ్గర థూలాఖర్కా అనే చోట 2012 నుంచి ఏటా శరత్తులో లెక్క నడుస్తోంది. మన వైపు ధౌలాధార్‌లో మటుకు, నేను వెళ్లిన మూడు మార్చి నెలల్లోనూ, కాగితం పెన్ను పట్టుకుని ఆకాశం కేసి చూస్తున్న ఇంకో మనిషి నాకు ఎదురుపడలేదు. కెమెరాలు మాత్రం కావలసినన్ని.

అదే లోయలో పోంగ్ డ్యాం జలాశయం ఉంది. అక్కడ చలికాలపు నీటిపక్షులను అటవీశాఖ ఏటా లెక్కిస్తుంది, లక్ష దాటిన ఏళ్లున్నాయి. పులికాట్, కొల్లేరుల్లో లెక్కకు మీలో చాలామంది వెళ్లేవాళ్లే. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి నడుస్తోంది, జనవరి వస్తే మనకు పండగలాగే అదీ ఒక అలవాటైపోయింది. నీళ్లలో కూర్చున్న బాతుకు ఉన్న గౌరవం నెత్తిమీంచి పోయే గద్దకు లేకపోయింది. బాతు కదలకుండా కూర్చుంటుంది కాబట్టి లెక్కపెట్టడం తేలిక, అదీ కారణమేమో.

ఇక, వసంతమే ఎందుకంటారా. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన సంగతి ఇదే. శరత్తులో వచ్చేవాటిలో ఆ ఏడు పుట్టిన పిల్లలూ ఉంటాయి. వాటి సంఖ్య అక్కడ, కజకిస్తాన్, రష్యా, మంగోలియా గడ్డిమైదానాల్లో ఆ ఏడాది కాపురాలు ఎలా సాగాయో చెబుతుంది. వసంతంలో తిరిగిపోయేవి మన దగ్గర చలికాలం గడిపి బతికి బయటపడ్డవి. కాబట్టి ఆ లెక్కలో మన బాధ్యత ఉంది. ఇంటికొచ్చిన చుట్టాల్లో ఎంతమంది క్షేమంగా బండెక్కారో చూసుకోవడం లాంటిది. నా భాషలో చెప్పాలంటే శరత్తు ఓపెనింగ్ బ్యాలెన్స్, వసంతం క్లోజింగ్ బ్యాలెన్స్. అయితే ఇక్కడొక తిరకాసు ఉంది. ఇది బ్యాంకు ఖాతా కాదు. వచ్చే దారి, పోయే దారి ఒకటే కానక్కర్లేదు. గాలివాటాన్ని బట్టి గద్దలు ఒక ఏడు కొండ దగ్గరగా, ఇంకో ఏడు లోయ మీదుగా పోవచ్చు. అందుకని ఒక సంవత్సరం అంకెల్లోంచి ఇంకో అంకె తీసేసి “ఇన్ని చచ్చాయి” అని చెప్పడం కుదరదు. పదేళ్లు, పదిహేనేళ్లు వసంతం లెక్క పక్కన వసంతం లెక్క పెట్టి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. అందుకే ఏటా, అదే చోట అని ఇందాక అన్నాను.

అమెరికాలో పెన్సిల్వేనియాలోని హాక్ మౌంటెన్ కథ మీకు కొంత తెలిసే ఉంటుంది. అక్కడి కొండమీద డేగల్ని సరదాకి కాల్చి చంపేవాళ్లు. రోజలీ ఎడ్జ్ అనే ఆవిడ 1934లో ఆ కొండను లీజుకు తీసుకుని, కాపలాకు పెట్టిన మారిస్ బ్రౌన్ చేత లెక్క కూడా రాయించింది. అప్పటికి ఆ లెక్క ఎవరికి అవసరం? ఎవరికీ కాదు. ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత డీడీటీ పురుగుమందు పక్షుల్ని ఏం చేస్తోందో రేచల్ కార్సన్ రాసేటప్పుడు ఆ నోటుపుస్తకాలు అక్కరకొచ్చాయి. 1935-39 మధ్య ఆ కొండ మీదుగా పోయిన బట్టతల గద్దల్లో (బాల్డ్ ఈగిల్) ఏడాది వయసు పిల్లలు నూటికి 40 ఉంటే, 1955-59 మధ్య 20కి పడిపోయాయి. పెద్ద గద్దలు కనిపిస్తూనే ఉన్నాయి, పిల్లలు తగ్గిపోయాయి. పక్కన వయసు కూడా రాసిపెట్టారు కాబట్టే అది బయటపడింది. ఉత్త మొత్తం రాసి ఊరుకుంటే తెలిసేది కాదు. మీలో పిల్లలు ఆ ప్రాంతంలో స్థిరపడ్డవాళ్లు ఈసారి వెళ్లినప్పుడు ఆ కొండ చూసి రండి. మనవల్ని ఆడించడం, మాల్స్ తిరగడం ఎలాగూ ఉండేదే.

ఇక మన దగ్గర స్టెప్పీ ఈగిల్‌కు ఏమవుతోంది? 2015లో ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల్లోకి దీన్ని చేర్చారు. పశువులకిస్తే, అవి చచ్చాక తిన్న రాబందుల్ని ఊడ్చేసిన నొప్పి మందు డైక్లోఫెనాక్ మీకు తెలుసు. పశువులకు ఆ మందు వాడటాన్ని మన దేశం 2006లో నిషేధించింది. మనుషులకిచ్చే పెద్ద సీసాలు పశువులకు మళ్లుతున్నాయని 2015లో ఇంజక్షన్ సీసాను మూడు మిల్లీలీటర్లకు కుదించారు. 2023లో అలాంటి నొప్పి మందులే అయిన కీటోప్రొఫెన్‌ను, అసెక్లోఫెనాక్‌ను కూడా పశువులకు వాడకూడదన్నారు. ఇదంతా రాబందుల గొడవ అనుకుంటాం. రాజస్థాన్‌లో బికనీర్ దగ్గర పశువుల కళేబరాలు పడేసే చోట చచ్చిపడిన రెండు స్టెప్పీ ఈగిల్స్‌ను కోసి చూస్తే వాటి ఒంట్లోనూ డైక్లోఫెనాక్ దొరికింది, రాబందుల్లో కనిపించే జబ్బు లక్షణాలే వాటిలోనూ ఉన్నాయి. ఆ సంగతి 2014లో ప్రచురించారు. చలికాలంలో ఈ గద్దలు ఎక్కువగా కళేబరాల మీదే బతుకుతాయి మరి. దానికి తోడు కరెంటు తీగలు. పైగా ఒక పెద్ద గద్ద పోతే ఆ చోటు నిండటానికి, కొత్తది జతకట్టే వయసుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది.

శాటిలైట్ ట్యాగులు ఉండగా ఇంకా కుర్చీ వేసుకుని లెక్కపెట్టడం ఎందుకని ఒక ఐటీ మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్నే. రష్యా శాస్త్రవేత్తలు స్టెప్పీ ఈగిల్స్‌కు ఎస్ఎంఎస్ పంపే ట్యాగులు కట్టారు. ఇది 2019 నాటి కథ. మిన్ అని పేరుపెట్టిన గద్ద ఎండాకాలమంతా కజకిస్తాన్‌లో సిగ్నల్ లేనిచోట గడిపి, నేరుగా ఇరాన్‌లో తేలింది. అన్నాళ్ల మెసేజీలన్నీ ఒక్కసారిగా అక్కణ్ణించి వచ్చిపడ్డాయి, ఒక్కొక్కటీ 49 రూబుళ్లు. రోమింగ్ బిల్లుకు వాళ్ల బడ్జెట్ గల్లంతైంది. జనం చందాలు వేసి గద్ద ఫోన్‌కి రీచార్జ్ చేయించారు, చివరికి ఫోన్ కంపెనీయే బిల్లు వదిలేసింది. నాకు చాలా ఇష్టమైన కథ. కాకపోతే ట్యాగు చెప్పేది ఆ ఒక్క గద్ద ఎటు పోయిందో. మొత్తం ఎన్ని పోయాయో చెప్పడానికి మనిషే కావాలి.

సరే, కూర్చుంటే ఏం చేయాలి? మూడేళ్ల అనుభవం మీద కొంత చెబుతాను, తప్పులుంటే తెలిసినవాళ్లు దిద్దండి. తెల్లవారుజామునే పరిగెత్తక్కర్లేదు, పిట్టల వేటకూ దీనికీ అదే తేడా. వాలు వేడెక్కాలి కాబట్టి తొమ్మిదిన్నర, పది నుంచి కదలిక మొదలవుతుంది. పదకొండు నుంచి మూడు దాకా కళ్లు తిప్పుకోకూడదు. గద్దలు సుడిలో తిరుగుతున్నప్పుడు లెక్కపెట్టకండి. ఫ్యాన్ గాలికి ఎగిరే నోట్లను లెక్కపెట్టినట్టే ఉంటుంది, ఒకదాన్నే మూడుసార్లు పెడతాం. సుడి పైకొస వదిలి బారుగా జారేటప్పుడు, కొండమీద ఏదో ఒక చెట్టునో టవర్‌నో గీతగా అనుకుని, దాన్ని దాటినప్పుడు క్లిక్కర్ (నొక్కినప్పుడల్లా ఒక అంకె పెరిగే చేతి మిషన్) నొక్కాలి. ఎదురు దిక్కుకు దాటినదాన్ని వేరే గడిలో రాయాలి. హిమాలయన్ గ్రిఫన్ రాబందులు, గడ్డపు రాబందులు అక్కడి కాపురస్తులు, రోజంతా అటూ ఇటూ తిరుగుతుంటాయి. వాటిని యాత్రికుల ఖాతాలో వేస్తే లెక్క అంతా గోల.

నీలాకాశం చూసి మురిసిపోకండి. మచ్చ లేని నీలంలో ఎత్తున పోయే గద్ద కనబడనే కనబడదు, దాని వెనక తెల్లమబ్బు ఉంటే చీమలా తేలుతుంది. మార్చిలో పడమటి నుంచి వానలూ మంచూ వచ్చి రెండు మూడు రోజులు అంతా మూసుకుపోతుంది. అప్పుడు గదిలో టీ తాగుతూ కూర్చోవాల్సిందే. అది విడిచిన మొదటి ఎండపూట మాత్రం కొండమీద ఉండితీరాలి, ఆగిపోయినవన్నీ ఒక్కసారి బయల్దేరతాయి. నా మూడు యాత్రల్లో ఒళ్లు జలదరించిన పూటలు అవే.

వయసు గుర్తుపట్టడం మొదట టెన్షన్ పెడుతుంది గానీ ఈ జాతిలో అంత కష్టం కాదు. రెక్క అడుగున మధ్యలో వెడల్పాటి తెల్ల పట్టీ కొట్టొచ్చినట్టు కనిపిస్తే కుర్రది. ముదురు గోధుమరంగు ఒళ్లు, రెక్క వెనక అంచున నల్లటి గీత ఉంటే పెద్దది. మధ్యస్థంగా ఉన్నవాటికి “తెలియదు” అనే గడి పెట్టండి, ఆ గడిలో రాయడానికి సిగ్గుపడకండి. మార్చి మొదట్లో ఎక్కువగా పెద్దవే పోతాయి, గూటి తొందర వాటిది. కుర్రవాటికి ఏం పని, నింపాదిగా ఏప్రిల్‌లో కదులుతాయి. మన ఇళ్లలో లాగే.

ఒక్కటీ రాని గంటకు సున్నా రాయండి. దీనికి మాత్రం మినహాయింపు లేదు. నేను రెండో ఏడు వెళ్లినప్పుడు మొదటి రెండు రోజులూ ఏమీ రాలేదు. విసుగొచ్చి కాగితం మడిచి జేబులో పెట్టేశాను. తర్వాత చూసుకుంటే ఆ రెండు రోజులు అక్కడ మనిషి ఉన్నాడో లేడో చెప్పే ఆధారమే లేదు. గద్ద రాకపోవడం వేరు, చూసేవాడు లేకపోవడం వేరు. క్యాష్ కౌంటర్లో లావాదేవీ లేని రోజు కూడా పుస్తకం మూసి సంతకం పెట్టేవాళ్లం కదా, ఇక్కడ ఎందుకు మరిచానో.

అక్కడివాళ్లను కలుపుకోకుండా మనమేదో పొడిచేద్దామని వెళ్తే ఏమీ కాదు. స్థానిక అటవీశాఖకు ముందే ఉత్తరం రాసి, వాళ్ల మనిషిని ఒకరిని కూర్చోమని అడుగుదాం. మేకలు, గొర్రెలు తోలుకుని వసంతంలో పైకెళ్లే గద్దీలు ఆ కొండల్ని మనకంటే లక్ష రెట్లు ఎరుగుదురు. (గద్దీ అనేది అక్కడి పశుకాపరుల తెగ పేరు, మన గద్దతో ఏ సంబంధమూ లేదు. ఫోన్లో మా ఆవిడకు “గద్దీలతో మాట్లాడాను” అని చెబితే, ఎండదెబ్బ తగిలిందేమోనని కంగారుపడింది.)

“మన దగ్గర లేని గద్ద కోసం అంత దూరం ఎందుకు, హిమాచల్‌వాళ్లు చూసుకుంటారులే” అనేవాళ్లు ఉంటారు. నిజమే, స్టెప్పీ ఈగిల్ మన వైపు ఎప్పుడో గానీ కనబడదు. కానీ అదే ప్రయాణంలో పోయే ఇంకో అతిథులు మన ముంగిట్లోనే ఉన్నాయి. నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డిభూముల్లో పిల్లిగద్దలు, అంటే హారియర్లు, చీకటి పడే వేళకు గడ్డిలో నేలమీదే గుంపులుగా దిగి నిద్రపోతాయి. 1980లలో అక్కడ వందల కొద్దీ దిగేవి. ఇప్పుడు ఆ సంఖ్య ఎంతో పడిపోయింది. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసిన చోటది, ఆ బట్టమేక పిట్ట గతి ఏమైందో మీకు చెప్పనక్కర్లేదు. ధౌలాధార్ దాకా రాలేనివాళ్లు ఫిబ్రవరి, మార్చిలో వారానికి ఒక సాయంత్రం అలాంటి గడ్డిభూమి గట్టున నిలబడి, దిగేవాటిని లెక్కపెట్టండి. అవి ఏ వారం నుంచి తగ్గడం మొదలయ్యాయో రాయండి. అదీ వసంతపు లెక్కే. ఊళ్లో పశువుల మందుల షాపుకు వెళ్లినప్పుడు ఏ నొప్పి మందు ఇస్తున్నారో, రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ ఉందో లేదో కూడా ఓ మాట అడగండి.

మార్చిలో పిల్లలకు పరీక్షలు, లెక్చరర్లకు పేపర్లు, బ్యాంకువాళ్లకు చెప్పనే చెప్పాను. కాబట్టి ఈ పని రిటైరైన వాళ్లదే అని నా అభిప్రాయం. ఇంటినుంచి పనిచేసే ఐటీవాళ్లు వారం చొప్పున వచ్చినా సరే. ఒక్కో బృందం నుంచి ఇద్దరు, ఒక వారం. ఆరు బృందాలు ఒప్పుకుంటే ఫిబ్రవరి చివరి వారం నుంచి ఏప్రిల్ మొదటివారం దాకా నిండిపోతుంది. కాగితాలు ఎవరి బీరువాలోనూ దాచుకోవద్దు. ఏ రోజుది ఆ రోజే గంటల వారీగా ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు అందరూ ఎక్కించే వెబ్‌సైట్) పెట్టేద్దాం, ఎవరికి కావాలంటే వాళ్లు వాడుకుంటారు. ఎవరి బృందం పేరు ముందు రాయాలన్న పంచాయితీ వస్తే నా బృందం పేరు చివర రాయండి, నాకు బృందమే లేదు.

నేను ఫిబ్రవరి ఆఖరున బయల్దేరుతున్నాను. ఢిల్లీ దాకా రైలు, అక్కణ్ణించి రాత్రి బస్సు. నడ్డి పైన ఒక ఇంటి డాబా మాట్లాడి పెట్టాను, ఎదురుగా కొండ గోడంతా కనిపిస్తుంది. ఆ ఇంటావిడ మధ్యాహ్నం రాజ్మా చావల్ పెడుతుంది, ఆవకాయ మనమే తీసుకెళ్లాలి. పొద్దున చలి కాబట్టి స్వెట్టరు, పదకొండు తర్వాత ఎండ మాడుస్తుంది కాబట్టి టోపీ. క్లిక్కర్లు నా దగ్గర మూడున్నాయి. వెనక్కి వాలే మడత కుర్చీ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోండి, అక్కడ దొరికే ప్లాస్టిక్ కుర్చీల్లో రెండో రోజుకే మెడ పట్టేస్తుంది.

ఇట్లు,
మీలో ఒకడు, రిటైరైన క్యాషియర్